గుచ్చీ విత్తనం కొనే ముందు



కిలో వేలల్లో పలుకుతుందంటూ గుచ్చీ పుట్టగొడుగుల విత్తనం అమ్మడానికి మొన్న మా ఊరికి ఒకాయన వచ్చాడు. అప్పు తెచ్చి షెడ్డు వేద్దామని ఇద్దరు కుర్రాళ్లు సిద్ధమయ్యారు కూడా.

గుచ్చీ మన ఎండలకు పుట్టింది కాదు. హిమాచల్, కాశ్మీర్ అడవుల్లో మంచు కరిగాక మొలుస్తుంది. పొలాల్లో పెద్దఎత్తున పండించింది చైనా రైతులు. సిచువాన్‌లో చలికాలంలో, షేడ్‌నెట్ కింద. వాళ్ల కష్టం వినండి. అదే మడిలో ఏటా వేస్తే దిగుబడి పడిపోతుంది, తెల్ల బూజు తెగులు పెరుగుతుంది. టోపీ మీద తెల్లగా పాకి, వంకరపోయి, కుళ్లుతుంది. మందు కొడదామా? పుట్టగొడుగూ శిలీంధ్రమే, తెగులూ శిలీంధ్రమే! అందుకే అక్కడ నీళ్లు నిలిపి వరి పండించి, ఆ మడిలోనే గుచ్చీ వేస్తారు. వరి మనకూ ఉంది, ఆ చలి ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇంకోటి, విత్తనం. ల్యాబులో తిప్పితిప్పి పెంచితే బలం తగ్గుతుంది. సంచి చూస్తే తెలియదు. పెట్టుబడంతా పెట్టాక, మొలవకపోతే తెలుస్తుంది.

రకం పేరు, ఎన్నో తరం, మొలవకపోతే డబ్బు వాపసు, ఈ మూడూ బిల్లు మీద రాసివ్వమన్నాను ఆయన్ని. ఫోన్ చేస్తానని వెళ్లాడు. ఇంకా చేయలేదు.