కుంచం ఎవరు కొలవాలి?

(రాజమండ్రిలో వయోజన విద్యా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన పేటలకి సర్వేకొచ్చేవాళ్ళకి కొదవలేదు. పిల్లలెంతమంది, అప్పెంత, తాగేదెంత అని అడుగుతారు, రాసుకుంటారు, పోతారు. ఆ కాగితం మళ్ళీ మన పేట మొహం చూడదు. నేనూ పంతులునే, అలాంటి ఫారాలు నింపినవాణ్ణే, నన్నూ కలుపుకునే అంటున్నాను.

బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరే అనే పంతులు దీన్ని తిరగేశాడు. అక్షరం నేర్చుకునేవాడు తన బతుకుని తానే పరిశోధించాలన్నాడు. ‘భాగస్వామ్య పరిశోధన’ అని పేరు పెద్దదిగానీ సంగతి ఇదే.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడి పుస్తకంలో సారా పాఠం చదివారు. అది తమ ఇంటి కథేనని మాట్లాడుకున్నారు. సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలించారు. ఆడవాళ్ళ లెక్క ఓడి ఖజానా లెక్క గెలిచింది.

ఇక మన డెల్టా. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్ళొచ్చాయి, పంటలొచ్చాయి. కోసే చేతుల్లో చాలావాటికి సెంటు భూమి రాలేదు, కూలి గింజలే వచ్చాయి. చాలా ఏళ్ళ కిందట మా పేట రాత్రిబళ్ళో కుంచానికి నాలుగు మానికలని బోర్డుమీద రాశాను. వెనకనుంచి ఓ పెద్దమ్మ, “ఒరే అబ్బాయ్, అది బళ్ళో కుంచం. కామందుగారి కుంచం ఎప్పుడైనా కొలిచేవేంట్రా?” అంది. నేను నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు కూలిగింజలు తెచ్చి చర్చి అరుగుమీద కొలిచారు. కుంచానికి మూడున్నర మానికలు దాటలేదు. ఒక్క ఇల్లు కాదు, వీధంతా కొలిచారు. గోడమీద బొగ్గుతో ఇంటికో వరస గీతలు గీశారు. ఆఫీసుకి అర్జీ రాద్దామన్నాను. “కాయితం నీ చేతిలో ఉంటదిరా, మానిక మా చేతిలో ఉంటది” అంది పెద్దమ్మ. మానిక పట్టుకునే కళ్ళానికెళ్ళారు. వారం రోజులు పన్లోకి పిలవలేదు. పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. చేలో గింజ రాలడం మొదలయ్యాక కబురొచ్చింది. ఆ కోతల్లో కుంచం పక్కన మానిక పెట్టే కొలిచారు.

కార్యకర్తలారా, ఫారం పట్టుకెళ్ళేముందు మొదటి ప్రశ్న పేటనే వెయ్యమనండి. రాసినదాంట్లో ఓ నకలు పేటలోనే ఉంచండి. మా గోడమీది బొగ్గు లెక్క రెండు వానలకే కొట్టుకుపోయింది.