కొలువులో పేరు



తెనుగున 'పేరు' అను మాట రెండు విధముల చెల్లుచున్నది. తల్లిదండ్రులు పెట్టునది ఒకటి. పదిమందిలో పనిచేసి తెచ్చుకొనునది మరియొకటి. మొదటిదానిని దాచిపెట్టి, రెండవదానితోనే ఒక సంవత్సరము గడపవలసి వచ్చినవారి కథ విరాటపర్వము. 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువులో మంత్రిగా నున్న తిక్కన తన భారత రచనను ఈ పర్వముతోనే ప్రారంభించెను. కొలువు మర్మములు తెలిసినవాడు గావున ఇందలి సభలు కన్నులార చూచినట్లుండును.

పాండవులు విరాటుని కడకు బయలుదేరునపుడు పురోహితుడైన ధౌమ్యుడు సేవాధర్మములు బోధించెను. ఏలిక రహస్యము వెలిబుచ్చరాదు, తగని ఆసనమున కూర్చుండరాదు, ఇట్టివి. మంచి మాటలే. కాని ఇవి కొలువు నిలుపుకొనుటకు పనికివచ్చును. కొలువులో ఒకని పేరును నిర్ణయించువా రెవరను ప్రశ్నకు ఇందు సమాధానము లేదు. దానిని కథలోనే వెదకవలెను.

సహదేవుడు తంత్రీపాలుడను పేర గోవుల లెక్క చూచు పనిలో కుదిరెను. లెక్కలవాని పేరు చిత్రమైనది. ఆవులన్నియు సాయంకాలమునకు మందకు చేరినన్నాళ్లు వాని నెవ్వరును తలపరు. ఒక్కటి తప్పిననాడు ఊరెల్ల వాని పేరే.

సైరంధ్రియైన ద్రౌపది గతి మరింత కఠినము. ఆమె పనిలో లోపము లేదు. రాణి తమ్ముడైన కీచకుడు నిండుసభలో ఆమెను తన్నెను. విరాటుడు వానిని దండింపడయ్యెను. వాడును, వాని తమ్ములును చచ్చిన పిమ్మట పురజనులు ఆమెను చూచి భయపడి తొలగిరి. కొలువు విడిచి పొమ్మని రాజు రాణిచేత చెప్పించెను. ఆమె 13 దినముల గడువు వేడుకొనవలసి వచ్చెను. తప్పు చేసినవాడు రాజుగారి బావమరది, చెడ్డపేరు పనికత్తెకు! కొలువులలో నేటికిని ఇట్లు జరుగుట లేదని ఎవరనగలరు?

ఇక ఉత్తర గోగ్రహణము. కౌరవులు పట్టుకొనిన ఆవులను మరల్చినవాడు బృహన్నల వేషముననున్న అర్జునుడు. విరాటుడు మాత్రము తన కుమారుడైన ఉత్తరుడే గెలిచెనని పొంగిపోయి, కంకుభట్టుతో జూదమాడుచు కొడుకును పొగడసాగెను. బృహన్నల సారథియై యుండగా గెలుపు తప్పదని కంకుడనెను. పేడివానిని తన కొడుకుతో సమానము చేసెనని కోపించి, రాజు పాచికతో అతనిని ముఖమున కొట్టెను. నెత్తురు కారెను.

అప్పుడు ఉత్తరుడు వచ్చెను. ఆ గెలుపు నీదేయని చెప్పుకొమ్మని అర్జునుడే అతనికి చెప్పియుండెను. తండ్రి నమ్మియున్నాడు, పురమెల్ల తోరణములు కట్టియున్నది. ఊరకుండిన చాలును. అయినను ఉత్తరుడు మొదట నెత్తురు చూచి, బ్రాహ్మణుని క్షమాపణ వేడుమని తండ్రిని కోరెను. పిదప, గెలిచినది తాను కాననియు, ఒక దేవకుమారుడనియు నిండుసభలో చెప్పెను. ఏలిక ఇచ్చునది బిరుదము మాత్రమే. ఒకే రథముపై ప్రక్కన నిలిచి చూచినవాడు నోరు విప్పిననాడే పనిచేసినవానికి పేరు దక్కును. ఈ పర్వమున తేలునది ఇదియే.

లోకము ఉత్తరునికేమి చేసినదో చూడుడు. యుద్ధమునకు ముందు అంతఃపుర స్త్రీల యెదుట అతడు పలికిన బీరములను పట్టుకొని, గొప్పలు చెప్పుకొనువానినెల్ల 'ఉత్తరకుమారుడు' అని తెలుగువారు నేటికిని పిలుచుచున్నారు. తండ్రి యెదుట అతడు చెప్పిన నిజము సామెతలోనికి ఎక్కలేదు.