బంధువులు దీవులకు వచ్చినప్పుడు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



శీతకాలము వచ్చినదనగా అండమానులోని తెలుగు ఉద్యోగుల ఇండ్లకు కబుర్లు రాక మొదలగును. సంక్రాంతి సెలవులకు తల్లిదండ్రులు వచ్చుచున్నారనియు, వారి వెంట మేనమామగారి కుటుంబము కూడ బయలుదేరుననియు తెలియును. ఆ రాత్రియే గృహస్థు కాగితము, కలము పుచ్చుకొని కూర్చుండును. పై అధికారుల పర్యటనలకు కార్యక్రమ పత్రములు వ్రాసి వ్రాసి అలవాటుపడిన చేయి కదా! ఉదయము 6 గంటలకు సముద్రతీరము, 8 గంటలకు రంపపు మిల్లు, 10 గంటలకు చెరసాల, 12 గంటలకు పడవ. నాలుగు దినములలో పదునాలుగు స్థలములు చక్కగా ఇమిడిపోవును. కాగితము మీద ఇమిడినవన్నియు కాళ్ళకు ఇముడునా అన్నదే నేటి ప్రశ్న.

అరువది యేండ్లు దాటిన ఒక తల్లి ఇట్టి పర్యటన ముగించుకొని ఊరికి తిరిగి వెళ్ళినదనుకొనుడు. ఇరుగుపొరుగువారు “ఏమి చూచితివమ్మా?” అని అడుగుదురు. ఆమెకు జ్ఞాపకమున్నవి కారు కిటికీయు, పడవరేవులోని వరుసయు మాత్రమే. కుమారునితో అరగంట తీరికగా మాటాడుటకు వీలు చిక్కలేదు. మనుమరాలి పాట సాంతము వినలేదు. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము దాటి ఆ తల్లి వచ్చినది దృశ్యముల కొరకా, బిడ్డల కొరకా?

ఈ విషయమున స్పెయిన్ దేశపువారికి మంచి అలవాటొకటి కలదు. సాయంకాలము చల్లబడగనే పిల్లలు, పెద్దలు కలిసి వీథులలో నెమ్మదిగా నడచుదురు. ఆ నడకకు ‘పసేయో’ అని పేరు. ఉత్తర తీరమందలి సాన్ సెబాస్టియన్ నగరమున సముద్రపుటొడ్డు వెంబడి నడచి, పాత వీథులలో ఒక అంగడియందొక చిన్న వంటకము, మరియొక అంగడియందు మరియొకటి రుచి చూచుచు ప్రొద్దుపుచ్చుదురు. ఇది తెలుగువారికి కొత్త విద్య కాదు. విశాఖపట్టణపు రామకృష్ణా బీచిలో మరమరాల పొట్లము చేతబట్టి నడచు కుటుంబములు చేయునదియు ఇదియే. సముద్రము, నడక, రుచి, మూడును ఈ దీవులయందు సమృద్ధిగా కలవు. లేనిది తీరిక యొక్కటే. దానిని ముందుగా ప్రణాళికలో వ్రాసికొననిదే అది దొరకదు.

ప్రణాళిక వేయువారు మొదట సూర్యుని గమనింపవలెను. భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ సమీపమున పోవుచున్నది. ఈ రాజధాని దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నందున ఇక్కడ ప్రొద్దు నలుబది నిమిషములు ముందుగా నడచును. డిసెంబరులో సాయంకాలము 5 గంటలకే సూర్యుడస్తమించును. కావున తెల్లవారుజామున ఒక నడక, మధ్యాహ్నము విశ్రాంతి, మూడున్నరకు మరియొక నడక అనునది ఇచ్చటి సహజమైన దినచర్య. చీకటి పడిన పిదప భోజనమునకును, మాటలకును కావలసినంత రాత్రి మిగులును.

ఆరు దినముల సెలవున్న కుటుంబమునకు ఇట్టి క్రమము సరిపడును. మొదటి దినము ప్రయాణపు బడలిక తీర్చుకొనుటకే. ఆ సాయంకాలము అబర్డీన్ బజారు గడియార స్తంభము నుండి తీరమునకు దిగి, ఎదుట కనుపించు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమును చూచుచు కొంతదూరము నడచిన చాలును. 2018 వరకు దాని పేరు రాస్ ద్వీపము. పోర్ట్ బ్లెయిర్ పట్టణమునకే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను పేరు వచ్చినది.

రెండవ దినపు ఉదయమంతయు సెల్యులర్ జైలునకే ఉంచవలెను. 1896లో ఆరంభమై 1906లో పూర్తియైన ఈ కట్టడపు ఏడు బాహువులలో మూడు మాత్రమే నేడు నిలిచియున్నవి. తెలుగు కుటుంబము ఇచ్చట తొందరపడరాదు. జైలు కట్టకముందే, 1879లో గోదావరి మన్యమున రేగిన రంప తిరుగుబాటులో శిక్షపడినవారిలో పలువురు ఈ దీవులకు పంపబడిరి. 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటమున ఆయన అనుచరుడైన గాము మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యానంతరము తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఈ కథను తాతగారు మనుమనికి ఆ గదుల ముందు నిలిచి చెప్పుటకు పట్టు సమయమును ఏ కార్యక్రమ పత్రమును ముందుగా నిర్ణయింపజాలదు.

మూడవ, నాలుగవ దినములు ఒక్క దీవికే కేటాయింపవలెను, రెండింటికి కాదు. స్వరాజ్ ద్వీపమందలి రాధానగర తీరమును 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమమని కొనియాడినది. వయస్సు మళ్ళినవారికి మాత్రము చిన్నదియు, చదునైనదియు అగు శహీద్ ద్వీపమే హాయి. తూర్పు బెంగాలు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అచ్చట కూరగాయలు పండించుచున్నవి. ఊళ్ళ పేర్లు సీతాపురము, భరతపురము, లక్ష్మణపురము, రామనగరము. రామాయణము కంఠస్థమైన మామ్మగారికి ఈ పేర్లు వినుటయే ఒక వేడుక. అచ్చటి సహజమైన రాతి వంతెనను చూడవలెనన్న సముద్రము పాటులో ఉండవలెను. ఆ వేళ ముందుగా విచారింపవలెను. రాళ్ళు జారును గనుక పెద్దలు ఒడ్డుననే కూర్చుండుట మేలు. ఉప్పునీటి మొసళ్ళు గల దీవులివి. స్నానమునకు అనుమతించిన చోటు దాటి ఎవ్వరును నీట దిగరాదు.

భోజనమున కూడ ఇదే నెమ్మది కావలెను. ఒక పూట ఇంట వంజరపు పులుసు, ఒక పూట బెంగాలీ అంగడిలో ఆవపెట్టిన చేప, నడక మధ్యలో లేతకొబ్బరి నీరు. శాకాహారులకు బజారులో ఇడ్లీ, దోసెలు దొరకును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి పదుముగ్గురి మాతృభాష తెలుగు. కూరగాయల బేరములో శ్రీకాకుళపు యాస వినబడగనే మేనమామగారికి సగము అలసట తీరును.

ఇక మానవలసినది ఒకటి కలదు. బారటాంగు సున్నపురాతి గుహల కొరకు పలువురు తెల్లవారకమునుపే బయలుదేరుదురు. ఆ రహదారి జారవాలకు ప్రత్యేకింపబడిన అడవి గుండా పోవును. 2002లో సర్వోన్నత న్యాయస్థానము ఆ దారిని మూసివేయవలసినదిగా ఆదేశించినది. 2012లో యాత్రికుల యెదుట జారవాల చేత ఆడించిన దృశ్యములు లోకమునకు తెలిసి దేశము తలవంచుకొనినది. బండి కిటికీ నుండి తోటి మనుష్యులను వింతగా చూచుట వేడుక కాదు. చట్టము తెలిసిన ప్రభుత్వోద్యోగి తన అతిథులకు ఈ మాట మెల్లగా చెప్పి, ఆ దినమును మిగుల్చుకొనవలెను.

అట్లు మిగిలిన ఐదవ దినమున ఏమియు వ్రాయరాదు. గాలి రేగి పడవ ఆగిపోయిన, ఆ దినము ఆదుకొనును. పడవ సకాలమునకు వచ్చిన, ఆ దినము ఇంటికి దక్కును. చూడదలచినవారు 1883 నాటి చాథం రంపపు మిల్లును చూడవచ్చును. కదలదలచనివారు వరండాలో కూర్చుండవచ్చును. ఆరవ దినము ప్రయాణము.

చూడని స్థలములు మరియొక రాకకు కారణమగును. కాని తల్లిదండ్రుల రాకపోకలు ఎన్నిమారులు సాగునో ఎవ్వరికిని తెలియదు. ఈసారి ఆ తల్లి ఊరికి వెళ్ళినప్పుడు ఇరుగుపొరుగువారు అదే ప్రశ్న అడుగుదురు. “మావాడు నా చేయి పట్టుకొని సముద్రము ప్రక్కన రోజూ నడిపించినాడు” అని ఆమె చెప్పగలిగిన, ఆ కుమారుడు వేసిన ప్రణాళిక సఫలమైనట్లే.

స్వస్తి.