కొండపై దొరకిన మాట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



గడచిన ఆదివారము మన ఊరి పాదయాత్రా బృందముతో కలసి, హోసూరు కుటుంబములును మనవారును కృష్ణగిరి దుర్గమెక్కితిమి. 1791 నవంబరులో మాక్సువెల్ అను ఆంగ్లసేనాని క్రిందికోటను పట్టుకొనియు, పైనుండి దొర్లించిన బండల ధాటికి వెనుదిరిగిన కొండ యిది. మేము నీళ్లసీసాలతో, సద్దిమూటలతో నెమ్మదిగా ఎక్కితిమి.

సగము దారిలో బండనడుమ నిలిచిన నీటిని చూచి నా కుమారుడు "సునై" అనెను. అది మంచి తమిళ పదమే. తెలుగులో దానినేమందురో చెప్పబోయి నేను తడబడితిని. వెనుక వచ్చుచున్న అవ్వ ఒకరు, "దొన, నాయనా, దొన" అనిరి. సిగ్గుతో చెప్పుచున్నాను, ఆ మాటను నేనే మరచి యుంటిని.

2006 నాటి చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి అయినది. మనము బ్రదుకుచున్న నేల భాష గనుక దానిని బాగుగా నేర్వవలసినదే. కాని తెలుగును అంగడి లెక్కలకును, భోజనపు పిలుపులకును కుదించినది మనమే. గుండు, చరియ, కనుమ, దొన అను మాటలకు అంగడిలో పనియేమున్నది? కొండపైననే వానికి పని.

కావున నా మనవి. వచ్చు నెల రాయకోట దుర్గమునకు పోవునప్పుడు ప్రతి కుటుంబమునుండి ఒక పెద్దయు, ఒక బిడ్డయు రావలెను. మెల్లగా నడచువారు ముందుండవలెను. తక్కినవారము వారి అడుగును బట్టి నడచెదము. ఎక్కలేని పెద్దలు అడుగున నీడపట్టున కూర్చున్నను చాలును. పిల్లలు దిగివచ్చి చూచినదానిని వర్ణింపగా, వారు పేర్లు చెప్పుదురు.

ఆ అవ్వ ఇంకెన్నిమారులు కొండ యెక్కగలరో మనమెరుగము. ఆలస్యము చేయకుందము.