దూరపు యంత్రము – దాచిన కాగితము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఆంజనేయస్వామి సంజీవనీ పర్వతమును తీసికొనిపోవుచుండగా అందొక ముక్క విరిగిపడి మన కొండగట్టు వెలసినదని పెద్దలు చెప్పుదురు. కావలసిన మూలిక ఏదియో తెలియక స్వామి కొండనే పెకలించి తెచ్చెను. అట్లు తెచ్చుటకు వీలులేని చోట రోగమును కనిపెట్టి కుదిర్చిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

2015 సెప్టెంబరు 28వ తేదీన శ్రీహరికోట నుండి మన దేశము ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహమును ఎగురవేసినది. అందలి అతినీలలోహిత దుర్భిణికి మూడు కన్నుల వంటి విభాగములు కలవు. 2018 మార్చిలో వానిలో ఒకటి పనిచేయుట మానినది. పైకి పోయి బాగుచేయు దారి లేదు. మన శాస్త్రజ్ఞులు తక్కిన రెంటితోనే పరిశీలన సాగించిరి. మిగిలినదానితో పని నడపుట ఒక మార్గము. కారణమును శోధించి, మారుగా అమర్చిన భాగమును మేలుకొల్పుట మరియొక మార్గము. దీనికి అమెరికావారి హబుల్ దుర్భిణి నిదర్శనము.

1990లో ఎగిరిన ఈ దుర్భిణిలో, ఉపకరణములను నడపు కంప్యూటరు 2021 జూన్ 13న ఆగిపోయెను. మరమ్మతుకై మనుషులు కడపటిసారి పోయినది 2009లో. వారిని మోసికొనిపోయిన వాహనములు 2011లోనే విరమించినవి. కావున భూమిపై కూర్చుండియే నాడి చూడవలసివచ్చెను.

మొదట జ్ఞాపకశక్తి భాగము చెడినదని అనుమానించిరి. దానిని మార్చబోయిన ఫలితము లేదు. పిదప అదనముగా ఉంచిన రెండవ కంప్యూటరును నడిపి చూచిరి. అదియు అదే తప్పు చూపెను. మన బావివద్ద మోటారు తిరుగకున్న వేరొక మోటారు బిగింతుము. అదియు తిరుగకున్న దోషము మోటారులలో లేదు, కరెంటు వచ్చు దారిలో ఉన్నదని గ్రహింతుము. వారును అట్లే గ్రహించిరి.

కంప్యూటరునకు నిలుకడగా 5 వోల్టులు అందించు పెట్టె యొకటి కలదు. వోల్టేజి హద్దు తప్పిన కంప్యూటరును ఆపుటకు అందొక కావలి వలయమున్నది. వోల్టేజియే హద్దు తప్పినదో, కావలివాడే ముదిమిచే తప్పు కేక వేసెనో కాని, చూపు అచ్చటనే తేలినది. మారు పెట్టెకు మార్చు ఆజ్ఞలను ముందుగా భూమిపై నమూనాలో పరీక్షించి, జూలై 15న పంపిరి. 17వ తేదీన పరిశీలన తిరిగి ఆరంభమయ్యెను.

సోదరులారా! ఈ విజయమునకు మూలము వినుడు. విశ్రాంతి తీసికొనుచున్న పాత ఇంజనీర్లు తిరిగి వచ్చి తోడ్పడిరి. ముప్పది, నలుబది ఏండ్ల నాటి కాగితములను వెదకి తీసి చదివిరి. ఆ కాగితములను ఎవరైనను చిత్తుక్రింద తూకమునకు అమ్మియుండినచో ఏమయ్యెడిది?

ఊరిలో ఏ బావి ఎంత లోతున జల పడినదో, చెరువు తూము ఏయేట బాగుచేసిరో, అంతయు వృద్ధుల నోటనే కలదు. వారితోపాటు అదియు పోవుచున్నది. కావున నా విన్నపము ఒక్కటే. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయములో ఒక బీరువాను ఊరి కాగితములకై కేటాయింపుడు. తెలిసినవారు చెప్పుడు, చదువరులు వ్రాయుడు, కార్యవర్గమువారు భద్రపరచుడు. మూలిక పేరు వ్రాసి ఉంచినచో రేపటివారికి కొండను మోయు శ్రమ తప్పును.