ఆటల కంప్యూటరు: అంగముల అన్వయము



పల్లెలందు సైతము నేడు పిల్లలు కంప్యూటరు కావలెనని పెద్దల నడుగుచున్నారు. అందు కొందరు, "సిద్ధముగా నున్నది వద్దు, విడిభాగములు తెప్పించి ఇంటనే కూర్చుకొందుము, దానిపై ఆటలాడుకొందుము" అని ఒక పట్టిక వ్రాసి చేతికిచ్చెదరు. సొమ్మిచ్చువారము మనము. పట్టికలోని మంచిచెడ్డలు తెలియనిచో, వలదని త్రోసివేయుటయో, కన్నులు మూసికొని ఇచ్చుటయో తప్ప మనకు వేరు దారి యుండదు. ఆ వేరు దారిని చూపుటయే నేటి నా ఉద్దేశము.

వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెనని మన శాస్త్రకారులు నిర్ణయించినారు. పదములెంత సొగసైనవైనను, వానికి పరస్పరాన్వయము లేనిచో అర్థము పుట్టదు. కంప్యూటరును ఇట్టిదే. ప్రతి అంగమును గొప్పది కానక్కరలేదు. ఒకదానికొకటి తగినదై యుండవలెను.

మొదటిది ఆకాంక్ష, అనగా ఒకటి మరియొకదానిని కోరుట. ఇందు మూలము తెర. తెరపై కనబడు బొమ్మ పిక్సెళ్లనబడు చుక్కల కూర్పు. 1920 అడ్డముగా, 1080 నిలువుగా గల సాధారణమైన తెరలో సుమారు 20 లక్షల 73 వేల చుక్కలుండును. 3840, 2160 గల ఫోర్-కే తెరలో సరిగా దానికి నాలుగు రెట్లుండును. ఆటయందు ఆ చుక్కలనన్నిటిని సెకండునకు అరువది మారులో, అంతకు మించియో క్రొత్తగా చిత్రించుట గ్రాఫిక్సు కార్డు పని. కావున ఏ ఆటలు, ఏ తెరపై అను రెండును ముందు తేల్చుకొని, తరువాతనే కార్డును ఎన్నుకొనవలెను. ఆటల కంప్యూటరులో సొమ్ము అధికభాగము ఈ కార్డునకు పోవుట న్యాయమే.

మా మనుమడు వ్రాసిన తొలి పట్టికలో ప్రాసెసరు మిక్కిలి ఖరీదైనది, కార్డు చౌకది. జోడెద్దులలో ఒకటి ఒంగోలు గిత్తయు, రెండవది లేగదూడయు నైనచో బండి దూడ నడకనే నడచును గదా! అంకెలు వానికే చూపి, పంపకము మార్పించితిని. మొత్తము పెరుగలేదు.

రెండవది యోగ్యత. నిప్పుతో పొలము తడిపెనన్న వాక్యమున పదములన్నియు నున్నను పొందిక లేదు. ప్రాసెసరు మదర్‌బోర్డుపై సాకెట్టులో కూర్చుండును. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 సాకెట్టు 2016లోను, ఎ.ఎం.5 సాకెట్టు 2022లోను వచ్చినవి. ఒకదాని ప్రాసెసరు రెండవదానిలో ఇమడదు. ఎ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5 ర్యామును మాత్రమే గ్రహించును. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 పలకలు రెండింటికిని 288 స్పర్శబిందువులే యున్నను, గాడి యున్న చోటు వేరు. తప్పు పలకను బలవంతముగా నొక్కిన విరుగును. ర్యాము 16 జీబీ కావలసినచో ఒకే పలకకంటె 8 జీబీల జంట మేలు. రెండు త్రోవల పని సాగును. కార్డు పొడవు క్యాబినెట్టులో పట్టునా అనియు కొలిచి చూడవలెను.

సొమ్ము మిగుల్చుకొనవలెనన్న క్యాబినెట్టులోని రంగుదీపముల యొద్ద మిగుల్చుడు, ఎస్.ఎం.పి.ఎస్. యొద్ద వలదు. ఇంటి కరెంటును భాగములకు తగినట్లు మార్చి అందించునది అదియే. ఎన్విడియా వారి ఆర్టీఎక్సు 4060 కార్డు 115 వాట్లు కోరును. అయినను మొత్తము యంత్రమునకు 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండవలెనని వారే సూచించినారు. పేరులేని చౌక పెట్టెపై అచ్చువేసిన వాట్లను నమ్మరాదు. అది చెడునప్పుడు తానొక్కటియే చెడక, బోర్డును కార్డును కూడ చెరుపవచ్చును. వోల్టేజి హెచ్చుతగ్గులు మన పల్లెలలో తెలియనివి కావు. ఎర్తు సరిగా నున్న మూడు కాళ్ల ప్లగ్గును, ఒక యు.పి.ఎస్.ను లెక్కలో చేర్చుడు.

మూడవది సన్నిధి. పదములను జాగు లేక ఒకదాని వెంట ఒకటి పలికిననే అర్థము తెలియును. ఈ నెల బోర్డు, ఆరు నెలలకు ప్రాసెసరు అని కొన్నచో, బోర్డులోని లోపము బయటపడుసరికి మార్చి యిచ్చు గడువు తీరిపోవును. సొమ్ము పూర్తిగా కూడిన తరువాత అన్నియు ఒకేమారు కొని, వెంటనే కూర్చి పరీక్షించుట మేలు. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట దుకాణములు ప్రక్కప్రక్కనే యుండుటచే వెలలు సరిచూచుకొనవచ్చును. పాత వెలల పట్టికను నమ్మి బయలుదేరరాదు. 2025 చివర ర్యాము వెలలు కొద్ది నెలలలోనే మిక్కిలి పెరిగినవి. ప్రతి భాగమునకు వారంటీ వేరు, రసీదులన్నియు భద్రపరుపుడు. కూర్చిన తరువాత తెర తీగను బోర్డునకు గాక గ్రాఫిక్సు కార్డునకే తగిలింపవలెను. లేనిచో అంత ఖరీదు పెట్టిన కార్డు పని లేక కూర్చుండును.

కావున మీ పిల్లవాడు పట్టికను తెచ్చినప్పుడు కోపింపక ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఈ భాగమెందుకు? దీనికి తగిన జోడు ఏది? ఇది చెడినచో ఎవరు బాధ్యులు? అని ఒక్కొక్క పంక్తికి అడుగుడు. అన్నిటికి ప్రత్యుత్తరము చెప్పగలిగినవాడు ఆటకు ముందే ఒక శాస్త్రమును కొంత నేర్చినవాడు. వానికి నిశ్చింతగా సొమ్మియ్యవచ్చును. చెప్పలేనివానికి కాదనక, తెలిసికొని రమ్మని గడువిండు. ఆడుకొను వేళలను మాత్రము యంత్రము ఇంటికి రాకమునుపే నిర్ణయించుకొనుడు; వచ్చిన పిమ్మట అది కష్టసాధ్యము.