విసరిన రాయి నడచు దారి



జొన్నచేనిలో మంచె యెక్కి వడిసెల త్రిప్పు బాలునకు రాయి ఎక్కడ పడునో తెలియును. ఏ దారిన పోయి పడునని అడిగినచో గాలిలో చేతితో ఒక వంపు గీసి చూపును. ఆ వంపు ఎట్టిదో లెక్కతో చెప్పుటకు లోకమునకు రమారమి రెండువేల యేండ్లు పట్టినది. చూచు కన్నులు లేక ఆలస్యము కాలేదు. ఒకే వస్తువునందు రెండు చలనములు ఒకే సమయమున, ఒకదాని నొకటి చెరుపక ఉండగలవను మాట బుద్ధికి ఎక్కలేదు. అంతయే కారణము.

చేయి విడిచిన పిమ్మట రాతిని చుట్టునున్న గాలియే ముందునకు త్రోయుచున్నదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పెను. గాలి అడ్డగించునే గాని త్రోయునా యని 6వ శతాబ్దమున అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనుడు ఆక్షేపించెను. మన వైశేషిక సూత్రకారుడు కణాదుడు బాణమును గూర్చి చెప్పినది మిక్కిలి సూక్ష్మమైనది. వింటినారి త్రోపుచే బాణమునకు తొలి చలనము కలుగును. ఆ చలనము బాణమునందే వేగమను సంస్కారమును పుట్టించును. ఆ సంస్కారముచే తరువాతి చలనము, ఆపైన దాని తరువాతిది. సంస్కారము తీరినప్పుడు గురుత్వముచే పతనము. గాలిని ఆశ్రయింపక కారణమును బాణమునందే చూపిన వివరణ ఇది. ఇంతమాత్రమున ఆధునిక శాస్త్రమంతయు మన సూత్రములలో ఇమిడియున్నదనుట పూర్వులకు చేయు గౌరవము కాదు. ఇందు గురుత్వము తన వంతు వచ్చువరకు వేచియుండును. మొదట వేగము, పిదప పతనము. చిక్కంతయు ఆ "పిదప" అను మాటలోనే యున్నది.

ఇటలీలోని బ్రెస్చా పట్టణమున పుట్టిన నికోలో అను నతడును అక్కడనే చిక్కుకొనెను. 1512లో ఫ్రెంచి సేనలు ఆ పట్టణమును కొల్లగొట్టినప్పుడు బాలుడైన ఇతని ముఖము కత్తివేట్లకు చీలినది. ప్రాణము దక్కినది గాని మాటకు నత్తి వచ్చినది. నత్తివాడను అర్థముగల తార్తాలియా అను ఎగతాళి పేరే అతని పేరై నిలిచినది. అయ్యవారికి జీతమిచ్చుకొనలేక అక్షరమాల సగములోనే చదువు ఆగినదని అతడే వ్రాసికొనెను. పై చదువంతయు పుస్తకములే గురువులుగా సాగినది. యూక్లిడు రేఖాగణితమును 1543లో లాటిను రానివారి కొరకు ఇటాలియను భాషలోనికి తెచ్చినవాడు ఇతడే.

1531లో వెరోనా నగరమున ఫిరంగులు కాల్చు మిత్రుడొకడు, గొట్టమును ఎంత ఎత్తినచో గుండు మిక్కిలి దూరము పోవునని ఇతని నడిగెను. 45 డిగ్రీలని ఇతడు చెప్పెను. గాలి అడ్డు లేనిచో అది సరియైన ఉత్తరమే. కాని 1537లో అచ్చువేసిన గ్రంథమున గుండు దారిని మూడు తునకలు చేసెను: మొదట సూటిగీత, నడుమ వృత్తఖండము, తుదకు నిట్టనిలువు పతనము. 1546 నాటి రెండవ గ్రంథమున, ఆ దారిలో నిజమునకు ఏ భాగమును పూర్తిగా సూటియైనది కాదని దిద్దుకొనెను. గమ్యమునకు అంత దగ్గరగా వచ్చినవాడు అప్పటికి వేరొకడు లేడు.

ఆ మొదటి గ్రంథపు పీఠికలో మరియొక సంగతి యున్నది. తోడి మనుష్యులను చంపు విద్యకు మెరుగు పెట్టుట నింద్యమని తోచి, వ్రాసిన కాగితములను నాశనము చేసితినని అతడు చెప్పెను. ఆ తరువాత తురుష్క సుల్తాను సులేమాను దండయాత్ర భయము ఇటలీని ముంచగా మనసు మార్చుకొని గ్రంథమును ప్రకటించెను. కత్తివేటు మచ్చను గడ్డము మాటున దాచుకొని తిరిగినవాని మనసున జరిగిన ఈ పెనుగులాటను తేలికగా తీసివేయరాదు. భయము వచ్చినప్పుడు ధర్మము ఎంత త్వరగా సందు ఇచ్చునో కూడ ఇందే కనబడుచున్నది.

చిక్కు విడదీసినవాడు గెలీలియో. 1592 నుండి 1610 వరకు ఇతడు పాడువా విశ్వవిద్యాలయమున గణితోపాధ్యాయుడు. ఇతని భావమిది: 64 అడుగుల గోపురము మీదినుండి ఒక రాతిని ఊరక జారవిడిచి, అదే క్షణమున మరియొక రాతిని సెకనుకు 30 అడుగుల వేగముతో అడ్డముగా విసరినారనుకొనుడు. జారవిడిచినది మొదటి సెకనులో 16 అడుగులు దిగును, రెండవ సెకను తుదకు మొత్తము 64 అడుగులు దిగి నేల చేరును. విసరినదియు సరిగా అంతే దిగును. ఐతే ఆ కాలములో మొదట 30, ఆపైన మరి 30 అడుగులు ముందునకు పోయియుండును. రెండును కలిసియే నేల తాకును. ముందు నడకకు ఒక ఖాతా, దిగుడునకు వేరొక ఖాతా. ఒకదానిలోని పద్దు రెండవదానిలోనికి పోదు. ముందు నడక కాలమును బట్టి, దిగుడు కాలముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక వచ్చిన వంపు పరావలయము. నిండు బానకు ప్రక్కన చిల్లి పడినప్పుడు కారు ధారలో ఇది కన్నులకే కట్టును.

మీదికి ఏటవాలుగా విసరిన రాతికిని ఇదే లెక్క. గురి పెట్టిన సూటిగీతకు ఒక సెకను తుదకు 16 అడుగులు, రెండు సెకనుల తుదకు 64 అడుగులు క్రిందుగా ఉండును. అనగా చేయి విడిచిన క్షణము నుండియే, ఇంకను పైకి పోవుచున్నప్పుడును, రాయి పడుచునే యున్నది! గురుత్వము ఎవరి వంతు తీరువరకును వేచియుండుట లేదు.

ఇది ఊహ మాత్రమేనా, కొలిచి చూచినాడా యని చాలకాలము పండితులు సందేహించిరి. జవాబు ఫ్లోరెన్సు జాతీయ గ్రంథాలయమున ఒక వ్రాతప్రతుల సంపుటములో, 116వ పత్రముపై పడియున్నది. అందు వాక్యములు లేవనదగును, ఉన్నవి గీతలు, అంకెలు. కాబోలు, గెలీలియో గ్రంథములన్నిటిని కూర్చి అచ్చువేసిన సంపాదకుడు దానిని విడిచిపెట్టెను. చిత్తు లెక్కల కాగితమునకు ఎక్కడను ఇదే గతి. 1973లో స్టిల్మన్ డ్రేక్ అను చరిత్రకారుడు దానిని వెలికి తెచ్చి లోకమునకు చూపెను.

1608 ప్రాంతమునాటి ఆ పత్రమునకు అతడు చెప్పిన అర్థమిది. బల్ల యెత్తు 828 కొలతలు. ఒక కొలత మిల్లీమీటరుకు కొంచెము తక్కువ. బల్లపై వాలు గాడిలో గుండును వేర్వేరు ఎత్తులనుండి దొర్లించి, అది అంచు దాటి నేలపై ఎంత దూరమున పడినదో కొలిచినాడు. 300 ఎత్తునుండి దొర్లినది 800 దూరమున పడినది. ఆ లెక్కన 600 ఎత్తునకు రావలసినది 1131, వచ్చినది 1172, భేదము 41. 800 ఎత్తునకు రావలసినది 1306, వచ్చినది 1328, భేదము 22. 1000 ఎత్తునకు రావలసినది 1460, వచ్చినది 1500, భేదము 40. సిద్ధాంతమునకు సరిపోవునట్లు అంకెలను దిద్దక, భేదమును భేదముగానే ప్రక్కన వ్రాసి యుంచుకొనెను. ఆ పత్రముయొక్క విలువ అందే యున్నది.

అచ్చుకు మాత్రము తొందరపడలేదు. 1632లో శిష్యుడు కవలియేరి పరావలయపు మాటను ముందుగా ప్రకటింపగా మిక్కిలి నొచ్చుకొనెను. 1633లో మతన్యాయస్థానపు శిక్షచే గృహనిర్బంధమున పడెను. 1638లో హాలండులోని లైడెను నగరమున ఆ గ్రంథము అచ్చై వచ్చునప్పటికి కన్నులు పోయినవి.

గెలీలియో లెక్క గాలి లేనిచోటి లెక్క. అది అతనికిని తెలియును. తూర్పారబట్టునప్పుడు చేటనుండి గింజయు పొట్టును ఒక్కసారే జారును, గింజ కాళ్లవద్ద పడును, పొట్టు దూరమున పోయి పడును. ఆ గాలియే ఫిరంగి గుండును కూడ పట్టుకొనును. ఎంతగా పట్టుకొనునో 1742లో ఇంగ్లండునందు బెంజమిన్ రాబిన్స్ తేల్చెను. వ్రేలాడు బరువైన పలకకు తుపాకి గుండు తగిలించి, పలక ఊగిన దూరమునుబట్టి గుండు వేగమును కట్టెను. సెకనుకు 1,700 అడుగులు పోవు గుండు పరావలయపు లెక్కకు 17 మైళ్లు పోవలసియుండగా నిజమునకు అరమైలైనను చేరదు! 1745లో ఆయిలరు ఆ చిన్న పుస్తకమును జర్మను భాషలోనికి తెచ్చి, మూలమును మించిన వ్యాఖ్యానము చేర్చెను. రాబిన్స్ పిదప ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయుటకై మన దేశమునకు వచ్చి, 1751లో కోరమాండలు తీరమున మరణించెను.

గాలి లేనిచోట గెలీలియో గీత ఎట్లుండునో 1972 ఏప్రిలులో చలనచిత్రమున పడినది. అపోలో 16 యాత్రికులు చంద్రునిపై నడపిన బండి చక్రముల వెనుక లేచిన ధూళి, మన బండ్లదారి దుమ్మువలె మబ్బై గాలిలో నిలువలేదు. రేణువు రేణువును విడివిడిగా వంపు తిరిగి లేచి, ఆ వంపుననే దిగి నేల చేరినది.